బడిలోనికి మరమనిషి వచ్చిన త్రోవ

కార్తిక మాసమున తిరుచానూరులో పద్మావతీ అమ్మవారి బ్రహ్మోత్సవములు జరుగునప్పుడు, రథోత్సవము నాడు జనుల చూపులన్నియు తేరుపై నున్న అమ్మవారి మీదనే యుండును. అట్లుండుట సహజమే. కాని ఆ తేరు చక్రముల ప్రక్క వంగి నడచువారిని గమనించువారు తక్కువ. మోకులు పట్టిన భక్తులకు తేరును ముందునకు లాగుట మాత్రమే చేతనగును. దానిని మలుపు త్రిప్పుట, జోరు తగ్గించుట, నిలుపవలసినచోట నిలుపుట చక్రము క్రింద కొయ్యదిమ్మ వేయువాని పని. దక్షిణదేశపు పెద్ద తేరులకు ఇదియే కళ్లెము. దిమ్మను ఏ క్షణమున వేయవలెను, అడ్డముగా వేయవలెనా ఏటవాలుగా వేయవలెనా, ఏ చక్రమునకు వేసినచో తేరు ఏ వైపు మొగ్గును అను లెక్క ఆ పనివాని చేతిలో నుండును. తండ్రి చేతినుండి కుమారుని చేతికి వచ్చిన లెక్క యది.

అట్టి వీధులలోని బడులయందే రాపిడి, వాలుతలము, తులాదండము అను పాఠములు సుద్దముక్కతో నల్లబల్లపై చెప్పబడుచున్నవి. పాఠము విన్న పిల్లవాడు దిమ్మను ముట్టి యెరుగడు. దిమ్మ వేయువాడు ఆ పాఠమును విని యెరుగడు. ఈ రెండు విద్యల నడుమ నున్న గోడను పడగొట్టుటకు మన ప్రభుత్వములు ఎనుబది సంవత్సరములకు పైగా చేయుచున్న ప్రయత్నముల కథను శ్రోతలకు వినిపింపవలెనని మా ఉద్దేశము. రాట్నముతో మొదలైన ఆ కథ నేడు మరమనిషి వరకు వచ్చినది. పథకముల పేర్లన్నియు వరుసగా చదువుటకు మేము పూనుకొనలేదు. వాటి సంఖ్య మిక్కిలి యెక్కువ, వాటిలో కొన్నింటిని గూర్చి చెప్పవలసినది మిక్కిలి తక్కువ.

1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ ఆధ్వర్యమున విద్యా మహాసభ జరిగెను. దాని తీర్మానములను ప్రణాళికగా తీర్చుటకు జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఒక సంఘము నేర్పడెను. నూలు వడకుట, వడ్రంగము, వ్యవసాయము వంటి ఒక చేతిపనిని కేంద్రముగా నుంచి, తక్కిన చదువునంతటిని దాని చుట్టును అల్లవలెనని ఆ ప్రణాళిక సారాంశము. తకిలి త్రిప్పు పిల్లవాడు పోగులను లెక్కించుచు గణితమును, ప్రత్తి పండు నేలను గూర్చి తెలిసికొనుచు భూగోళమును నేర్చును. చేతిపని చదువునకు అదనపు అలంకారము కాదనియు, చదువునకు అదియే ద్వారమనియు ఒక జాతీయ ప్రణాళిక చెప్పుట మన దేశమున అదియే మొదలు. అప్పుడు చిత్తూరు జిల్లా మద్రాసు రాజధానిలో నుండెను. అచ్చట కాంగ్రెసు మంత్రివర్గము అధికారము చేపట్టి కొన్ని నెలలే యైనందున ఈ ఆలోచన మన ప్రాంతపు బడులకు పరాయిది కాలేదు.

కాని దానిలో ఒక చిక్కు మొదటినుండియు నుండెను. పిల్లలు చేసిన వస్తువులను అమ్మి, ఆ సొమ్ముతో ఉపాధ్యాయుని జీతమును చాలవరకు రాబట్టవచ్చునని ఆశించిరి. వస్తువు అమ్ముడుపోవలెనన్నచో అది చక్కగా నుండవలెను. చక్కగా నుండవలెనన్నచో పిల్లవాడు దానిని పాడుచేయరాదు. పాడుచేయక నేర్చుకొనుట యెట్లు? ఈ ప్రశ్న ఈ కథలో చివరివరకు మన వెంట వచ్చును.

1953లో రాజగోపాలాచారి గారు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా నుండి గ్రామములలోని ప్రాథమిక పాఠశాలలకు ఒక క్రొత్త పద్ధతిని ప్రవేశపెట్టిరి. బడిలో దినమునకు మూడు గంటల చదువు, తక్కిన వేళ తల్లిదండ్రుల వద్దనో గ్రామములోని పనివారి వద్దనో వృత్తి నేర్చుకొనుట - ఇది ఆ పద్ధతి. బడులు చాలవు, ఉపాధ్యాయులు చాలరు, ధనము అసలే చాలదు. పిల్లలను రెండు పూటలుగా విభజించినచో ఉన్న బడిలోనే రెట్టింపు మందికి చదువు చెప్పవచ్చును. లెక్క సరిగానే యున్నది. కాని దేశమంతయు లెక్క కాదు గదా! తండ్రి పని కుమారుడు నేర్చుట యనగా చాకలి బిడ్డ చాకలిగను, మంగలి బిడ్డ మంగలిగను నిలిచిపోవుట యని జనులు గ్రహించిరి. కులవిద్య యని దానికి పేరు పడెను. ఆందోళన చెలరేగెను. ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడి చిత్తూరు జిల్లా మద్రాసునుండి విడివడెను. 1954లో కామరాజ్ గారు ముఖ్యమంత్రి కాగానే మద్రాసులో ఆ పద్ధతి రద్దయ్యెను.

రద్దగుట న్యాయమే. అయితే ఆనాటి వాదములో ఒక భాగమునకే ఎక్కువ ప్రచారము లభించినదని మా అభిప్రాయము. వడ్రంగి కుమారునికి పుస్తకము తగ్గించుట అన్యాయమని అందరు ననిరి. ప్లీడరు కుమారునికి చిత్రిక పట్టుట ఎన్నడును చేతికీయకుండుట గూడ అతనికి నష్టమే యని చెప్పినవారు కొందరే. ఆ పద్ధతిలోని దోషము చేతిపని నేర్పుట కాదు. ఎవరి చేతికి ఏ పనిముట్టు అను విషయమును పుట్టుక నిర్ణయించుట దాని దోషము. ఈ భేదము స్పష్టము కానందున చాలకాలము బడిలో చేతిపని యన్నచో పేదల తల్లిదండ్రులకు అనుమానము, ఉన్నవారికి చిన్నచూపు మిగిలెను.

అటుపై వచ్చిన సంఘములను త్వరగా దాటిపోవచ్చును. లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతన 1952-53లో పనిచేసిన మాధ్యమిక విద్యాసంఘము బహుళార్థసాధక పాఠశాలలను సూచించెను. 1964-66 నడుమ కొఠారీ సంఘము ‘పని అనుభవము’ అనెను. 1977లో ఈశ్వరభాయి పటేలు సంఘము దానినే ‘సమాజోపయోగ ఉత్పాదక కృత్యము’ అనెను. పేరు పొడవైన కొలది పని పొట్టిదయ్యెను. కాలపట్టికలో వారమునకు ఒకటి రెండు గంటలు దానికి కేటాయింపబడి, అనేక పాఠశాలలలో అది పూలమొక్కలకు నీరు పోయుటతోనో, లెక్కల పాఠము వెనుకబడినప్పుడు ఆ గంటను లెక్కలకు ఇచ్చివేయుటతోనో ముగియుచుండెను.

ఇదే కాలమున మన ప్రాంతములోనే బడి గోడల వెలుపల చేతిపని చక్కగా నేర్పబడుచుండుట విశేషము. శ్రీకాళహస్తిలో క్షీణించుచున్న కలంకారీ అద్దకమును నిలుపుటకు 1950వ దశకపు చివర ప్రభుత్వ ప్రోత్సాహముతో శిక్షణ కేంద్ర మొకటి వెలసెను. తిరుపతిలో దేవస్థానము వారు 1960లో శిల్ప శిక్షణాలయమును స్థాపించిరి. ఇచ్చట రాయి చెడును, అచ్చట గుడ్డ చెడును. చెడిన రాతిని చూచి గురువు కోపగించుకొనవచ్చును గాని, రాయి ఎందుకు చెడినదని లిఖితపూర్వకమైన సంజాయిషీ యడుగడు. ఆ సంజాయిషీ సంగతియే ఇక చెప్పబోవుచున్నాము.

1984-85లో భారతప్రభుత్వము దాదాపు 250 పాఠశాలలకు కంప్యూటర్లను పంపెను. బ్రిటిషు ప్రసార సంస్థ పేరు మీద వెలువడిన బి.బి.సి. మైక్రో అను యంత్రములవి. రేడియోవారి పేరుతో నొక కంప్యూటరు మన దేశపు బడులలోనికి రావడము మాకు కొంత గర్వకారణమే. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చెను. మన ఉపాధ్యాయులు దానిని నల్లబల్ల పథకమనిరి. ప్రతి ప్రాథమిక పాఠశాలకు ఇయ్యదగిన వస్తువుల పట్టికలో పటములు, పుస్తకములతో బాటు సామాన్యశాస్త్ర పరికరముల పెట్టె, గణిత పరికరముల పెట్టె, చిన్న పనిముట్ల పెట్టె ఉండెను. సుత్తి, రంపము, మరచుట్టుడు వంటివి ప్రాథమిక పాఠశాలకు ప్రభుత్వము పంపవలెనని తలచుట గొప్ప సంగతి. అదే సమయమున ప్రాథమికోన్నత పాఠశాలలకు విజ్ఞానశాస్త్ర పెట్టెల నిచ్చు మరియొక కేంద్ర పథకము వచ్చెను.

పెట్టెలు వచ్చినవి. చాలచోట్ల బీరువాలోనికి పోయినవి. కొన్ని అటక యెక్కినవి. దీనికి ఉపాధ్యాయుల సోమరితనము కారణమని నిందించుట సులభము, అన్యాయము కూడ. వచ్చిన ప్రతి వస్తువును ప్రధానోపాధ్యాయుడు స్టాకు రిజిస్టరులో ఎక్కించుకొనవలెను. తాను బదిలీయై పోవునప్పుడు వచ్చినవారికి లెక్క అప్పగింపవలెను. తనిఖీకి వచ్చిన అధికారి పట్టకము ఎక్కడ, భూతద్దము ఎక్కడ అని యడుగును. పిల్లల చేతిలో భూతద్దము పగిలినచో పిల్లలు నేర్చుకొనిరి అని వ్రాయుటకు ఆ రిజిస్టరులో గడి లేదు. లేని వస్తువునకు బాధ్యుడు ప్రధానోపాధ్యాయుడు, వాడని వస్తువునకు బాధ్యుడెవ్వడును లేడు. ఇట్టి నియమముల నడుమ బుద్ధిమంతుడు చేయు పని తాళము వేయుటయే.

అందుచేతనే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకమును మేము ఈ చరిత్రలో ప్రత్యేకముగా పేర్కొనవలసియున్నది. బ్రిటిషు ప్రభుత్వ సహాయముతో 1984లో ప్రయోగముగా ప్రారంభమై, 1990వ దశకములో రాష్ట్రమంతటను వ్యాపించిన పథకమిది. ఉపాధ్యాయులు ఆంగ్లపు పొడి అక్షరములను కలిపి దానిని ‘అపెప్’ అనిరి. దానికి ఆరు సూత్రములు. వాటిలో ఒకటి, చేయుచు, కనుగొనుచు, ప్రయోగించుచు నేర్చుకొనుట. మరియొకటి, పరిసరములనే పాఠముగా వాడుకొనుట. పిల్లలు చేసినవానిని గది గోడలపై ప్రదర్శించుట ఇంకొకటి. వయస్సు మీరిన ఉపాధ్యాయులు సైతము నేలపై కూర్చుండి గింజలు, పుల్లలు, రంగు కాగితములతో శిక్షణ పొందిరి. పరిసర పాఠశాలల ఉపాధ్యాయులు అప్పుడప్పుడు కలిసి తమ పాఠములను చర్చించుకొనుటకు ఉపాధ్యాయ కేంద్రము లేర్పడినవి. అన్నిటికంటె ముఖ్యముగా, వాడినకొలది అయిపోవు సామగ్రికి, అనగా కాగితము, జిగురు, రంగులు, దారము వంటివాటికి, ధనము కేటాయింపబడెను. బీరువాలో దాచుటకు వీలులేని వస్తువునకు ప్రభుత్వము డబ్బిచ్చుట చిన్న విషయముగా కనబడును. కాని ఖర్చగుటయే ఆ వస్తువు ధర్మమని లెక్కలవారు ఒప్పుకొనుట చిన్న విషయము కాదు. విదేశసహాయము 1990వ దశకము నడుమ ముగిసెను. ఆరు సూత్రములు శిక్షణ కళాశాలల పుస్తకములలో నిలిచినవి. జిగురు డబ్బు నిలువలేదు.

పూర్వపు చిత్తూరు జిల్లాలోనే మదనపల్లె సమీపమున ఋషివ్యాలీ వారు తమ చుట్టుప్రక్కల పల్లెపిల్లల కొరకు నడపిన చిన్న బడులను గూర్చి గూడ ఒక మాట. ఒకే గదిలో పలు తరగతుల పిల్లలు తమ తమ వేగమున కార్డులతో పని చేయుచు మెట్టుమెట్టుగా ఎక్కు పద్ధతిని వారు రూపొందించిరి. ‘పెట్టెలో బడి’ యని దానికి పేరు వచ్చెను. ఇతర రాష్ట్రముల ప్రభుత్వ బడులు గూడ దానిని అనుసరించినవి. ఆ పెట్టె తాళము వేయుటకు వీలులేని పెట్టె, ఎందుకనగా అందులోని కార్డులే పాఠ్యపుస్తకము.

1993లో తిరుపతిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రము వెలసెను. ముట్టరాదు అను పలకలు తక్కువగా నుండు ప్రదర్శనశాల యట్టిది. కొండకు వచ్చిన కుటుంబములు పిల్లలను అచ్చటికి తీసికొనిపోవుట కద్దు. 2015లో తిరుపతికి ఐ.ఐ.టి. వచ్చెను. 2017 జనవరిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున 104వ భారత విజ్ఞాన మహాసభ జరిగెను. యంత్రము, కంప్యూటరు, సమాచార జాలము ఒకటైన క్రొత్త వ్యవస్థలు మన యువకుల ఉద్యోగములకు ఎట్టి పరీక్ష పెట్టనున్నవో ప్రధానమంత్రి తన ప్రారంభోపన్యాసమున హెచ్చరించి, రోబోటిక్సును, కృత్రిమ మేధను పేర్కొనిరి. ఆ మరుసటి సంవత్సరము అట్టి వ్యవస్థల కొరకు జాతీయ కార్యక్రమ మొకటి మంజూరయ్యెను. దాని క్రింద నెలకొన్న కేంద్రములలో నొకటి తిరుపతి ఐ.ఐ.టి.కి లభించెను.

బడిపిల్లలకు సంబంధించిన పథకము అంతకు కొంచెము ముందే, 2016లో, వచ్చినది. దాని పేరు అటల్ టింకరింగ్ లాబ్. ఈ టింకరింగ్ అను మాట గూర్చి ఆగి చెప్పుకొనవలెను. ఆంగ్లదేశమున టింకరు అనగా ఊరూర తిరుగుచు చిల్లులు పడిన గిన్నెలకు మాట్లు వేయువాడు. బిందెలకు మాట్లు వేయుదుమని మన వీధులలో కేకవేసికొనుచు పోయిన వానికి సోదరుడు. పూర్వము ఇంగ్లీషువారు ఆ మాటను నిందార్థముగా కూడ వాడిరి. ఇప్పుడు ఆ మాట్లువేయువాని పేరు కేంద్రప్రభుత్వపు ప్రయోగశాల తలుపుపై ఎక్కినది. 1953లో పోగొట్టుకొన్న గౌరవము కొంత ఈ విధముగా తిరిగి వచ్చెనేమో!

ఈ ప్రయోగశాలకు ఎంపికైన పాఠశాలకు మొత్తము 20 లక్షల రూపాయలు. అందులో 10 లక్షలు పరికరములకు, తక్కిన 10 లక్షలు అయిదేండ్లపాటు నడుపుటకు. మైదాన ప్రాంతములలో 1,500 చదరపు అడుగుల స్థలము చూపవలెను. 6వ తరగతి మొదలు 12వ తరగతి వరకు పిల్లలు వాడుకొందురు. టంకము వేయు కడ్డీలు, మోటార్లు, సెన్సర్లు, చిన్న కంప్యూటరు పలకలు, ప్లాస్టిక్కును కరగించి పొరపొరగా వస్తువును పోతపోయు త్రిమితీయ ముద్రణ యంత్రము - ఇవి సామగ్రి. దేశమున ఇట్టివి 10,000 నెలకొన్నవి. రాబోవు అయిదేండ్లలో ప్రభుత్వ పాఠశాలలలో మరి 50,000 నెలకొల్పుదుమని 2025 బడ్జెటులో ప్రకటించిరి. పైన చెప్పిన లెక్కలో మాకు నచ్చినది మొదటి పది లక్షలు కాదు, రెండవ పది లక్షలు. కొనుటకు ఎంతయో నడుపుటకును అంతే యని అంగీకరించిన కేంద్ర పథకమిది.

ఇక పిల్లలు అచ్చట చేయునదేమి? మరమనిషి యనగానే కాళ్లు చేతులు గల ఇనుప బొమ్మను ఊహింపకుడు. సాధారణముగా అది రెండు చక్రముల చిన్న బండి. దాని ముందు రెండు కన్నులవంటి గుండ్రని భాగములుండును. ఒకటి మనుష్యుని చెవికి వినబడని ధ్వనిని, సెకనుకు 40,000 కంపనములు గల దానిని, వదలును. ఆ ధ్వని ఎదుటి గోడకు తగిలి మరలి వచ్చును. రెండవది దానిని పట్టుకొనును. పోయి వచ్చుటకు పట్టిన కాలమును బట్టి దూరము తెలియును. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును గనుక, 34 సెంటీమీటర్ల దూరమున గోడ యున్నచో ధ్వని పోయి వచ్చుటకు సెకనులో 500వ వంతు పట్టును. బండిలోని చిన్న పలక ఈ లెక్క వేసి, గోడ దగ్గరైనదని తెలియగానే ఒక చక్రమును నిలిపి రెండవ చక్రమును త్రిప్పును. బండి ప్రక్కకు మరలును.

తిరుపతికి అనతిదూరమున పాకాల వైపున గాదంకి యను గ్రామము గలదు. అచ్చట 1990వ దశకము మొదలు వాయుమండలమును పరిశోధించు పెద్ద రాడారు పనిచేయుచున్నది. 1,024 ఏంటెన్నాలు వరుసలు తీరి ఆకాశమువైపు చూచుచుండును. అది 53 మెగాహెర్ట్జుల రేడియో తరంగమును పైకి పంపి, పైనున్న గాలి కల్లోలమునుండి మరలివచ్చు అతి బలహీనమైన ప్రతిధ్వనిని పట్టును. పది కిలోమీటర్ల ఎత్తునుండి అది మరలి వచ్చుటకు సెకనులో సుమారు 15,000వ వంతు కాలము చాలును. మన ఇండ్లలోని రేడియోపెట్టెకు కార్యక్రమమును మోసికొని వచ్చు తరంగమునకు అది సోదరి. పిల్లవాని బండి చేయు లెక్కయు, గాదంకి రాడారు చేయు లెక్కయు మూలమున ఒక్కటే: పంపినది ఎంతసేపటికి తిరిగి వచ్చినది? గోడను తప్పించుకొనుటకు తన చేతితో తీగలు కలిపిన పిల్లకు గాదంకిలో నేమి జరుగుచున్నదో చెప్పుటకు అయిదు నిమిషములు చాలును. తీగలు కలుపని పిల్లకు అయిదు పుటలు చాలవు.

అయితే ఆ బండి మొదటిసారి నడవదు. చక్రములు తలక్రిందులుగా తిరుగును. తీగ ఊడును. ధ్వని గోడకు తగులక గుడ్డతెరలో ఇంకిపోయి బండి తెరను గ్రుద్దుకొనును. తప్పు తీగలోనున్నదా, లెక్కలోనున్నదా, తన ఊహలోనున్నదా యని వెదకుటయే అసలు పాఠము. ఆ వెదకులాటలో ఒక మోటారు కాలిపోవచ్చును. టంకము అయిపోవచ్చును. బ్యాటరీలు నిశ్చయముగా అయిపోవును.

రోబోట్ అను పదమునకు గూడ ఒక కథ యున్నది. 1920లో కారెల్ చాపెక్ అను చెక్ రచయిత వ్రాసిన నాటకమునుండి అది లోకమునకు వచ్చెను. చెక్ భాషలో రోబోటా అనగా వెట్టి. దొరకు కూలి లేక చేయవలసిన చాకిరి. ఆ నాటకములోని యంత్రమానవులు వెట్టి చేయుటకై తయారైనవారు. తిరుపతి, రేణిగుంట పరిసరములలో నేడు టెలివిజన్లు, చేతి ఫోనులు కూర్చు కర్మాగారములు వెలసినవి. మన పల్లెల యువతీయువకులు అచ్చట వరుసలుగా కూర్చుండి పని చేయుచున్నారు. చూపిన భాగమును చూపినచోట అమర్చుట మాత్రమే నేర్చినవాని పనిని నేడో రేపో యంత్రము తీసికొనును. ఆ యంత్రమును నిలుపువాడు, సరిదిద్దువాడు, మార్చువాడు కావలెనన్నచో బడిలోనే దాని లోపలిభాగమును చూచియుండవలెను. ప్రభుత్వము ఈ బండ్ల ఆటకు ధనమిచ్చుటకు గల అసలు కారణము ఇదియే గాని బహుమతులు గావు.

బహుమతుల మాట వచ్చినది గనుక మా వృత్తికి చెందిన ఒక సంగతి. విద్యార్థుల మరమనుషుల పోటీలలో పేరుపొందిన ఒకదానిని స్థాపించినది ఏ సాంకేతిక సంస్థయు గాదు. ఆసియా పసిఫిక్ దేశముల ప్రసార సంస్థల సంఘమే 2002లో రోబోకాన్ పోటీని టోకియోలో ప్రారంభించెను. మన దేశమున దూరదర్శన్ దాని భారమును వహించెను. 2008లో ఆ పోటీ పూణేలో జరిగినప్పుడు ఇచ్చిన సమస్య ఉట్టి కొట్టుట! కుండలలోని వెన్నను మరమనుషులు అందుకొనవలెను. తిరుమల వీధులలో ఉట్లోత్సవము చూచినవారికి దీనిని వివరింప బనిలేదు. జారు స్తంభము మీద పట్టు తప్పకుండుట మనుష్యునికెంత కష్టమో, ఇనుప చేతికి అంతకంటె కష్టమని దేశదేశముల విద్యార్థులు తెలిసికొనిరి. 2014లో పోటీ మరల పూణేకే వచ్చెను. ఆసారి తల్లిదండ్రి యంత్రము పిల్ల యంత్రమును ఊయల యూపుట మొదలగు ఆటలు. వీనిలో పాల్గొనువారు కళాశాలల విద్యార్థులు. వారిలో ఎందరు ప్రభుత్వ పాఠశాలలనుండి వచ్చిరని యడుగుట మంచిది.

ఇచ్చట ఆడపిల్లల విషయమును దాటవేయుట సరికాదు. తిరుచానూరు అమ్మవారి పేరుతో తిరుపతిలో 1983లో మహిళా విశ్వవిద్యాలయమే వెలసినది. చదువులో మన ఆడపిల్లలు వెనుకబడి లేరు. కాని జట్టుగా పనిచేయునప్పుడు టంకపు కడ్డీ ఎవరి చేతిలో నున్నది, నోటుపుస్తకము ఎవరి చేతిలో నున్నది అని చూడవలెను. మగపిల్లవాడు తీగలు కలుపుచుండగా ఆడపిల్ల అందమైన దస్తూరితో నివేదిక వ్రాయుచుండుట పలుచోట్ల కనబడు దృశ్యము. 1953లో పుట్టుక నిర్ణయించిన దానిని ఇప్పుడు అలవాటు నిర్ణయించుచున్నది. జట్టులోని పనులను వారము వారము మార్చుమని చెప్పుటకు ఏ పథకమును అక్కరలేదు. ఉపాధ్యాయురాలు ఒక మాట చెప్పిన చాలును.

ఉపాధ్యాయుల మాటకు వచ్చినచో, ఈ ప్రయోగశాలల భారము సాధారణముగా సామాన్యశాస్త్రమో లెక్కలో చెప్పువారి మీద అదనముగా పడుచున్నది. వారికి పదవ తరగతి ఫలితముల చింత యున్నది. అయిదేండ్ల గ్రాంటు ముగిసిన పిమ్మట కాలిన మోటారునకు బదులు మోటారు కొనుట ఎవరి వంతు అను ప్రశ్నయు నున్నది. అపెప్ నాటి జిగురు డబ్బు గతి యేమైనదో ఎరిగినవారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు.

2020 జాతీయ విద్యావిధానములో ఒక చిన్న అంశము గలదు. 6 నుండి 8వ తరగతి వరకు చదువు పిల్లలు పది దినములు పుస్తకముల సంచి లేకుండ, స్థానికులైన వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల వద్ద పని నేర్వవలెనని అందు వ్రాసిరి. వెనుకటి పద్ధతికిని దీనికిని భేదము స్పష్టము. అందు బిడ్డ తండ్రి వద్దకే పోవలెను, ఇందు ఎవరి బిడ్డయైనను ఎవరి వద్దకైనను పోవచ్చును. తిరుచానూరు బడిపిల్లలు ఆ పది దినములలో ఒక దినము తేరు చక్రమునకు దిమ్మ వేయువాని వద్ద కూర్చుండినచో రాపిడి పాఠము రుచించును. ఆ దినమునకు అతనికి పనిచేసిన కూలి పోవును గనుక, ఉపాధ్యాయునికి వలెనే గౌరవవేతనము ముట్టవలెను. ఆ సొమ్ము ఏ ఖాతాలో వ్రాయవలెనో పాఠశాలకు ముందుగా చెప్పవలసినవారు విద్యాశాఖవారే.

ఖాతా యనగా చివరకు స్టాకు రిజిస్టరు వద్దకే వచ్చితిమి. కేంద్రప్రభుత్వపు సాధారణ ఆర్థిక నియమావళిలో స్థిరముగా నుండు ఆస్తులకు ఒక పట్టిక, వాడగా తరిగిపోవు వస్తువులకు వేరొక పట్టిక నిర్ణయింపబడియున్నవి. వంద రూపాయలకు అటునిటుగా దొరకు ధ్వని సెన్సరును, కాలిపోవు మోటారును పాఠశాలలు ఏ పట్టికలో ఎక్కించుచున్నవో మనము కనుగొనవచ్చును. మొదటి పట్టికలో నెక్కించిన బడిలో బీరువా తాళపుచెవి ఎవరి వద్ద నున్నదని గూడ అప్పుడే అడుగవచ్చును.